ఫ్రీలాన్స్ ఎక్సార్సిస్ట్ డిటెక్టివ్ నవల, సగంలో ఆగిపోయా. ముందుకెళ్లమంటారా? (క్లైమాక్స్ చెప్పొద్దు ప్లీజ్)

నిద్రరాని_పాఠకుడు:
హాయ్ అందరికీ. మైక్ కేరీ రాసిన 'ద డెవిల్ యు నో' మొదలుపెట్టి పది రోజులైంది, 2006లో వచ్చిన నవల. ఫీలిక్స్ క్యాస్టర్ అని లండన్‌లో ఒకడు, దయ్యాల్ని వదిలించడం వాడి వృత్తి, కానీ ఆ పని మానేశానని చెప్పుకు తిరుగుతుంటాడు. మొదట్లోనే ఎవరి పిల్లాడి బర్త్‌డే పార్టీలోనో మ్యాజిక్ షో చేస్తూ కనపడతాడు, ఆ పిల్లాడితో వీడికి పడక అదంతా రచ్చ అవుతుంది, అక్కడ పడీపడీ నవ్వా. తర్వాత డబ్బులకి కటకటగా ఉండి, పాత కాగితాలు దాచే ఒక ఆర్కైవ్‌లో దయ్యాన్ని వదిలించే పని ఒప్పుకుంటాడు, ఇక అక్కడ్నుంచి బండి నత్తనడకే. స్టాఫ్‌లో ఒకళ్లతో మాట్లాడతాడు, అట్టపెట్టెలు వెతుకుతాడు, ఇంకొకళ్లతో మాట్లాడతాడు, మళ్లీ పెట్టెలు. దయ్యం కన్నా ఫైళ్లే ఎక్కువ కనపడుతున్నాయి నాకు.

నా డౌట్ ఒకటే. వీడు టిన్ విజిల్ ఊది దయ్యాల్ని వదిలిస్తాడు. చేతిలో ఆ విజిల్ ఉంది, ఎదురుగా దయ్యం ఉంది. ఊదేసి, డబ్బులు తీసుకుని ఇంటికెళ్లొచ్చు కదా, ఈ ఎంక్వైరీ అంతా ఎవడడిగాడు వీణ్ణి?

పేజీ_మడతపెట్టకు:
ఎవడూ అడగలేదు, కథంతా అక్కడే ఉంది బ్రదర్.

మొదట ఆ విజిల్ సంగతి. అది ఊదగానే దయ్యం పారిపోయే టైపు కాదు, ఒక్కో దయ్యానికి ఒక్కో ట్యూన్ ఉంటుంది వాడి లెక్కలో. ఆ ట్యూన్ దొరకాలంటే దయ్యం చుట్టూ తిరగాలి, ఎక్కడ కనపడుతుందో ఎలా కదులుతుందో చూడాలి, అంటే పని చెయ్యాలన్నా సరే దాని గురించి ఎంతో కొంత తెలుసుకోక తప్పదు. అలా తెలుసుకుంటున్న కొద్దీ ఇదెవరు, ఎలా పోయింది అన్న ప్రశ్న నెత్తి మీద కూర్చుంటుంది.

మామూలు డిటెక్టివ్‌కి నిజం బయటపెడితే ఫీజు. వీడికి సాక్షిని మాయం చేస్తే ఫీజు. కేసు తేలాలంటే దయ్యం ఉండాలి, డబ్బు చేతికి రావాలంటే దయ్యం పోవాలి. ఈ మెలిక పట్టుకుని మళ్లీ ఆ ఇంటర్వ్యూలన్నీ చదవండి, ఆ స్టాఫ్‌లో దాన్ని తొందరగా పంపించెయ్యమని గొడవ చేసేవాళ్లెవరు, ఉన్నా పర్లేదనేవాళ్లెవరు అని చూస్తూ పోతే మీకు ఆ పెట్టెలు బోర్ కొట్టవు.

చీకటి_మెట్లు:
పై ఆయన చెప్పింది కరెక్టే గానీ స్లో అన్నమాట కూడా నిజమే, ఒప్పుకుందాం. నేను మొదటిసారి సరిగ్గా మీరు ఆగిన చోటే వదిలేసి ఏడాది తర్వాత మళ్లీ పట్టుకున్నా, అదీ జ్వరమొచ్చి మంచంలో పడి ఉండి వేరే ఏమీ చదివే ఓపిక లేక. రెండోసారి నాకు నచ్చింది కథ కాదు, ఆ లోకంలో దయ్యాలంటే ఎవరూ నోరెళ్లబెట్టకపోవడం. కొన్నేళ్ల కింద చనిపోయినవాళ్లు గుంపులుగా తిరిగి రావడం మొదలైంది, జనం అలవాటు పడిపోయారు అంతే. ఆఫీసులో ఏసీ రిపేర్‌కి మనిషిని పిలిచినట్టు ఎక్సార్సిస్ట్‌ని పిలుస్తారు. వాడి ఆఫీసేమో హార్ల్స్‌డెన్‌లో కబాబ్ షాపు పైన, అద్దెకుండేదేమో స్నేహితురాలి ఇంట్లో, అక్కడా బాకీలే. ఎంత పెద్ద శక్తులున్నా జేబులో పైసా లేకపోవడం ఈ టైపు హీరోలకి యూనిఫాం లాంటిది.

ఒక చిన్న మాట, ఇది స్పాయిలర్ కాదు. ఆర్కైవ్‌కి రష్యన్ కాగితాలు వచ్చాకే దయ్యం కనపడింది కాబట్టి వాటితోపాటే వచ్చిందని అందరూ అనేసుకుంటారు చూడండి. మిస్టరీ నవల్లో అందరూ ఒకేసారి ఒప్పేసుకున్నదేదైనా నేను పెన్సిల్‌తో గీత పెట్టుకుంటా.

ఆరురంధ్రాలు:
విజిల్ మాటొచ్చింది కాబట్టి నా గోల కూడా వినండి. ఈ నవల చదివాక ఆ పిచ్చిలో నేను నిజంగానే టిన్ విజిల్ ఒకటి కొన్నా, డి కీలోది. చూడ్డానికి ఆరు రంధ్రాల సన్న గొట్టం, పిల్లల ఆటవస్తువులా ఉంటుంది, మన పిల్లనగ్రోవిలా పెదాలతో గాలిని సరిచేసుకునే బాధ కూడా లేదు, మూతి దగ్గర పెట్టి ఊదితే చాలు. పై స్థాయికి వెళ్లాలంటే వేళ్లు అవే, గాలి మాత్రం గట్టిగా ఊదాలి. అక్కడే వస్తుంది తంటా, ఓ రవ్వ ఎక్కువైతే చెవులు చిల్లులు పడే కీచు. దయ్యాలు పోయాయో లేదో తెలీదు గానీ ఇంట్లో మనుషులు మాత్రం తలుపులేసుకున్నారు.

కానీ దానివల్ల ఒకటి అర్థమైంది. రెండు చేతులూ విజిల్ మీదే, నోరు విజిల్ మీదే, ఊపిరి కూడా దానికే. అంటే ఊదేటప్పుడు వాడు పరిగెత్తలేడు, కొట్టలేడు, అరవలేడు. ఎవరో ఒక్క గుద్దు గుద్దితే మంత్రం ఖతం. రచయిత కావాలనే పెట్టాడో లేదో గానీ కొట్లాట సీన్లలో టెన్షన్ సగం దీంట్లోంచే వస్తుంది. చేతిలో మంత్రదండం ఉన్న హీరో అయితే ఇంత భయం ఉండదు.

పాత_గ్రంథాలు:
'ఫ్రీలాన్స్ ఎక్సార్సిస్ట్' అన్న రెండు మాటలు పక్కపక్కన పెట్టడమే పెద్ద జోకు, చాలామంది గమనించరు. క్యాథలిక్ చర్చిలో ఆ తంతుకి రాతపూర్వకమైన పద్ధతి 1614 నుంచి ఉంది, 1999లో దాన్ని తిరగరాశారు. బిషప్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఏ ఫాదరూ సొంతంగా చెయ్యకూడదని చర్చి చట్టంలోనే ఉంది, 1983 కోడ్, 1172వ నియమం. ఇంగ్లండ్ చర్చి అయితే ఇంకా ముందే, 1604లోనే, బిషప్ లైసెన్స్ లేకుండా దయ్యాలు వదిలించడానికి వీల్లేదని తమ పూజారులకి రూలు పెట్టింది. అంటే లండన్‌లో నాలుగొందల ఏళ్లుగా ఇది పర్మిషన్ ఉండాల్సిన పని! మన క్యాస్టర్ పూజారే కాదు కాబట్టి ఏ రూలూ వాడికి తగలదు. పైగా వాడి సొంత అన్న ఫాదర్, ఆ ఇద్దరి మధ్య మాటల్లో ఉండే చేదు చూడండి.

'ఫ్రీ లాన్స్' అన్న మాట కూడా వాల్టర్ స్కాట్ నవలలో కిరాయి సైనికుల గురించి వస్తుంది, ఎవరు డబ్బిస్తే వాళ్ల వైపు బల్లెం పట్టేవాళ్లు. వీడికి అతికినట్టు సరిపోయింది.

మాటలమూట:
సైడ్ ట్రాక్ పట్టిస్తున్నా, క్షమించాలి. దీన్ని తెలుగు చెయ్యాలంటే ఎక్సార్సిస్ట్‌ని ఏమంటారు? భూతవైద్యుడు అంటే వేపమండలు పట్టుకున్న ఆసామి కళ్లముందుకొస్తాడు, మంత్రగాడు అంటే చేతబడి చేసేవాడే అనిపిస్తుంది. ఇక్కడున్నది పాత కోటు వేసుకుని అద్దె బాకీలున్న మనిషి.

పేజీ_మడతపెట్టకు:
నా ఓటు భూతవైద్యుడికే. వైద్యుడు అన్న మాటలో ఇంగ్లీషులో లేనిది ఒకటుంది చూడండి, ఎవరికి వైద్యం? పట్టినవాడికా, భూతానికా? నవలంతా అదే కదా అడుగుతోంది.

మాటలమూట:
అబ్బ. ఇది రాసిపెట్టుకుంటున్నా.

కథలపుట్ట:
దయ్యం సాక్షి అన్న పాయింట్ మీద రెండు ముక్కలు. ఇదే లండన్‌లో బెన్ ఆరొనోవిచ్ రాసిన 'రివర్స్ ఆఫ్ లండన్' 2011లో వచ్చింది, అందులో కుర్ర కానిస్టేబుల్ మర్డర్ జరిగిన చోట కాపలా కాస్తూ ఒక దయ్యం దగ్గర నోట్‌బుక్ తీసి వాంగ్మూలం రాసుకుంటాడు. అక్కడ దయ్యం నోరు తెరిచి చెప్తుంది, సరదాగా ఉంటుంది. క్యాస్టర్ కేసులో దయ్యం ముఖం కూడా సరిగ్గా కనపడదు, ఎర్రటి తెర ఏదో కప్పేసినట్టు ఉంటుంది, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. సాక్షి ఉంది, సాక్ష్యం లేదు.

ఇంకోటి, చచ్చినవాళ్లు నిజమే చెప్తారని మనం ఎందుకనుకుంటాం? జపాన్ రచయిత అకుతగావ 1922లో రాసిన కథలో, అదే తర్వాత కురొసావా సినిమా 'రషోమోన్'కి ఆధారం, చనిపోయినవాడు పూనకంలో వచ్చి తన చావు గురించి చెప్తాడు, అదీ మిగతావాళ్ల మాటతో కలవదు. చచ్చాక కూడా పరువు కోసం అబద్ధమాడతాడేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. ఈ జానర్‌లో రాసేవాళ్లు దీన్ని ఇంకా వాడుకోవాలి.

ఇక హెల్‌బ్లేజర్ కామిక్స్ చదివినవాళ్లకి క్యాస్టర్ ఎక్కడో చూసిన మనిషిలా ఉంటాడు. ఉండడా మరి, కేరీ కొన్నేళ్లు ఆ కామిక్ రాశాడు, అందులో హీరో కాన్‌స్టంటైన్ కూడా క్యాస్టర్‌లాగే లివర్‌పూల్‌లో పుట్టినవాడే.

సూటిగా_చెప్తా:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు చల్లుతా. జూలియెట్ అనే సక్యుబస్, అంటే మగాళ్లని వలలో వేసుకునే ఆడ దయ్యం, వచ్చినప్పుడల్లా పేజీలకి పేజీలు ఆమె ఒంటి వర్ణనే. ఆమె శక్తే అది, మగాళ్ల బుర్ర పనిచెయ్యకుండా చేస్తుంది, హీరోనే కథ చెప్తున్నాడు కాబట్టి అలాగే ఉంటుందని సమర్థించొచ్చు, సరే. కానీ అదే పుస్తకంలో ఆడవాళ్లని సరుకులా చూసేవాళ్ల మీద కోపం కూడా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఇబ్బందిగా అనిపించింది. ఇంకా ఆ ఉపమానాలు! ప్రతి రెండో వాక్యానికీ ఒక వెటకారం, వాడు తన్నులు తింటూ కూడా జోకులేస్తాడు. అయినా ఐదు పుస్తకాలూ చదివేశా, అది వేరే విషయం.

నిద్రరాని_పాఠకుడు:
అందరికీ థాంక్స్, నిన్న రాత్రి పూర్తిచేశా, మూడింటికి. పెట్టెలు బోర్ కొట్టలేదు ఈసారి, ఎవరు దేనికి తొందరపడుతున్నారో చూస్తూ చదివా, అయినా పట్టుకోలేకపోయాననుకోండి. గీత మాత్రం సరైన చోటే పెట్టా, థాంక్యూ చీకటి_మెట్లు గారూ.

కానీ నన్ను పట్టి కుదిపింది చివర కాదు. క్యాస్టర్ చిన్నప్పుడు వాడి చెల్లెలు యాక్సిడెంట్‌లో పోయి, రాత్రిళ్లు వాడి దగ్గరికే వస్తుంది. వీడు భయపడిపోయి, బళ్లో పిల్లలు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునే పాటలుంటాయే, అవి ఆ చెల్లెలి మీద పాడతాడు, ఆమె పోయేదాకా. పోతుంది. మళ్లీ రాదు. వాడికి ఈ విద్య తెలిసింది అలా. అది మొదట చదివినప్పుడు ఫ్లాష్‌బ్యాక్ కదా అని గబగబా దాటేశా, ఇప్పుడు వెనక్కెళ్లి మళ్లీ చదివితే నిద్ర పట్టలేదు. ఎక్కడికి పంపాడు ఆ పిల్లని? ఇన్నేళ్లుగా ఫీజు తీసుకుని పంపిన వాళ్లందర్నీ ఎక్కడికి పంపాడు? విజిల్ చేతిలో ఉండి కూడా ఎందుకు ఊదట్లేదని ఇక్కడ అడిగింది నేనే.

ఆరురంధ్రాలు:
నేను ఆ భాగం తర్వాత రెండ్రోజులు విజిల్ ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్లు సంతోషించారు.

సగంరాసిన_నవల:
ఆలస్యంగా వచ్చా. నేనే ఇలాంటిది ఒకటి రాస్తున్నా, ఏడు చాప్టర్లయ్యాయి, మీ అందరి మాటలూ చదివాక మూడు చాప్టర్లు పీకేస్తున్నా. నాది ప్రాబ్లం ఏంటంటే నా భూతవైద్యుడికి దయ్యాలతో మాట్లాడే శక్తి ఇచ్చా, అందుకని ప్రతి మర్డర్‌కీ రెండో పేజీలోనే హంతకుడెవరో తెలిసిపోతోంది. తెలియకుండా ఆపడానికి ప్రతిసారీ దయ్యానికి మతిమరుపు పెడుతున్నా. ఎంతమందికని పెట్టను?

కథలపుట్ట:
మతిమరుపు వద్దు. అబద్ధం పెట్టండి, లేదా వెనక నుంచి కత్తి దిగినవాడికి ఎవరు పొడిచారో ఎలా తెలుస్తుంది, అది పెట్టండి. దయ్యానికి తన చావు తెలుసు, హంతకుడు తెలియాలని లేదు. 1913లో పుస్తకంగా వచ్చిన హాడ్జ్‌సన్ కథల్లో, కార్నాకీ అనే దయ్యాల డిటెక్టివ్‌వి, అయితే కొన్నింట్లో అసలు దయ్యమే ఉండదు, మనుషుల మోసమే, కొన్నింట్లో నిజంగా ఉంటుంది, ఏది ఏదో చివరిదాకా తేలదు. అది ఇంకా మంచి దారి.

సగంరాసిన_నవల:
వెనక నుంచి కత్తి!! నాలుగో చాప్టర్ కూడా పీకేస్తున్నా.

నిద్రరాని_పాఠకుడు:
రెండోది కూడా 2006లోనే వచ్చిందట, 'విషస్ సర్కిల్'. ఇప్పుడే తెరిచా, తొమ్మిదో పేజీ. వరుసలోనే చదవాలా, లేక దేనికదేనా? ఒక్క ముక్కలో చెప్పండి చాలు.

సూటిగా_చెప్తా:
వరుసలోనే. క్యాస్టర్ స్నేహితుడు రఫీ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇంకేం అడక్కండి.