క్యాంపస్‌లో ఈఈఈనా, ఇంటి దగ్గర సీఎస్ఈనా?

కర్నూలు నాన్న:
మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకి జేఎన్‌టీయూ అనంతపురం క్యాంపస్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) రావచ్చు, లేదా ఇంటికి దగ్గర్లో ఓ ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్). ఫిజిక్స్‌లో కరెంటు పాఠాలంటే తనకి ప్రాణం. చుట్టాలంతా "కంప్యూటర్స్ వదులుకుంటారా?" అంటున్నారు. ఎల్లుండిలోగా ఆప్షన్లు పెట్టాలి. చదివినవాళ్లు చెప్పండి.

ఈఈఈ 2016 బ్యాచ్:
సీఎస్ఈ పెట్టేయండి సార్. నేను ఈఈఈ చదివి బెంగళూరులో జావా రాస్తున్నా. నాలుగేళ్లు మెషీన్స్, పవర్ సిస్టమ్స్ చదివి, కోడింగ్ మళ్లీ అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకున్నా. కరెంటు సంస్థల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నోటిఫికేషన్ కోసం మా రూమ్మేట్ మూడేళ్లు ఇంట్లో కూర్చున్నాడు.

సబ్‌స్టేషన్ ఏఈ:
తమ్ముడూ, నోటిఫికేషన్ బాధ నేనూ పడ్డా. కానీ ఒకటి గమనించు: ఈఈఈ చదివి నువ్వు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగలిగావు. ఎలక్ట్రికల్ ఏఈ పోస్టుకి సీఎస్ఈ వాళ్లు అప్లికేషనే పెట్టలేరు. పవర్‌గ్రిడ్ కూడా ఎలక్ట్రికల్ ఇంజనీర్ ట్రెయినీలను గేట్ పరీక్షలో ఎలక్ట్రికల్ స్కోరు చూసే తీసుకుంటుంది.

కర్నూలు నాన్నగారూ, మీ ఓర్వకల్లు వైపే 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పొద్దు గూకేసరికి దాని ఉత్పత్తి పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లల్లో లోడు పెరుగుతుంది. గ్రిడ్‌లో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబెట్టాలంటే ఆ లోటు ఎక్కడినుంచో రావాలి. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. అవి కరెంటు తీయగలవు, వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడనూగలవు. ఈ పని ముందు ముందు పెరిగేదే.

ల్యాబ్ మేడమ్:
నేను పదకొండేళ్లుగా మెషీన్స్ ల్యాబ్ చూస్తున్నా. ముందు వెళ్లి ల్యాబ్ చూడండి.

మొన్న డీసీ షంట్ మోటారు మీద స్విన్‌బర్న్ టెస్ట్ (లోడు లేకుండా నడిపి నష్టాలు లెక్కగట్టే పరీక్ష) చేయించాను. స్టార్టర్ పిడిని ఒక్కో స్టడ్ మీద ఆపుతూ జరపాలి, చివరికి చేరాక నో-వోల్ట్ కాయిల్ అనే అయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. ఫీల్డ్ రియోస్టాట్ (ఫీల్డ్ కాయిల్‌లో కరెంటును మార్చే నిరోధకం) కనిష్ఠంలో పెట్టారా అని రెండుసార్లు అడిగి గానీ స్విచ్ వేయనివ్వను. నడుస్తుండగా ఫీల్డ్ వైరు ఊడిందా, లోడు లేని మోటారు అదుపు తప్పి పరిగెడుతుంది. ఓ అమ్మాయి రియోస్టాట్ జరుపుతూ స్పీడు చూపే టాకోమీటర్ చూసి ఆగిపోయింది. "మేడమ్, ఫీల్డ్ కరెంటు తగ్గిస్తే స్పీడు పెరిగిందేంటి?" అంది. బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారులో ఎదురుగా పుట్టే వోల్టేజీ) గురించి బోర్డు మీద మూడు క్లాసులు చెప్పాను, ఒక్కరూ ఆ మాట అడగలేదు. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

సీనియర్ల రికార్డులోంచి రీడింగులు దించే చోట మాత్రం ఈఈఈ వద్దు. నాలుగేళ్లూ వృథా.

ఈఈఈ 2016 బ్యాచ్:
మేడమ్, మా ల్యాబ్‌లో నాలుగు మోటార్లుంటే తిరిగేది ఒక్కటే. రీడింగులన్నీ దించినవే. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు, ఇప్పుడు చదువుతుంటే కష్టంగా ఉంది. అయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకి ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైతే ఇల్లు గడవదు. దాన్నీ లెక్కలో వేసుకోండి సార్.

కర్నూలు నాన్న:
వేసుకుంటాను బాబూ. మేడమ్ రాసింది అమ్మాయికి చదివి వినిపించాను. స్పీడు ఎందుకు పెరిగిందో రాత్రి పన్నెండు దాకా పుస్తకాల్లో వెతికింది. రేపు మొదటి బస్సుకే అనంతపురం వెళ్తున్నాం. ల్యాబ్‌లోకి రానిస్తే ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయో చూసొచ్చి ఇక్కడ రాస్తాను.