మైగ్రేన్‌కి చాక్లెట్, పులిసిన పెరుగు మాన్పిస్తే సరిపోతుందా?

గోదారి నాన్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఏడాదిగా పార్శ్వపు తలనొప్పి, వాంతులు. డాక్టరు మైగ్రేన్ అన్నారు. చాక్లెట్, నూడుల్స్, పులిసిన పెరుగు, ఊరగాయ మాన్పించాను. ఇంకేం మాన్పించాలో చెప్పండి.

డాలస్ బాబాయ్: నాకైతే రెడ్ వైన్, నెలల తరబడి మాగబెట్టిన చీజ్ పడవు. ఆ చీజ్‌లో, కొందరికి తలనొప్పి తెప్పిస్తుందనే టైరమిన్ అనే పదార్థం ఎక్కువ ఉంటుంది.

సీతాఫలం: నాకిది పద్దెనిమిదేళ్ల జబ్బు. నొప్పి తెలియకముందే, ఒక్కోసారి రోజు ముందే, మైగ్రేన్ లోపల మొదలైపోతుంది. ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, కొందరికి తీపి మీదికి మనసు పోతుంది. అప్పుడు చాక్లెట్ తింటాం, తర్వాత నొప్పి వస్తుంది, నేరం చాక్లెట్ మీద పడుతుంది. నాకు పడనిది ఖాళీ కడుపు. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే, దీపం పెట్టే వేళకి ఎడమ కంటి వెనక పోటు మొదలవుతుంది.

గోదారి నాన్న: మూడుసార్లు చాక్లెట్ తిన్న రోజే వచ్చింది. కళ్లారా చూశాను.

నైట్‌డ్యూటీ: నిద్ర సరిపోతోందా సార్?

సీతాఫలం: తినని రోజుల్లో రాలేదా? అవి రాసుకున్నారా?

గోదారి నాన్న: చాక్లెట్ గురించి అడిగితే ఇంకేదో చెబుతారేంటండీ? ఉపవాసాలుండి నొప్పి తెచ్చుకునేది మీరు. నోరు కట్టుకుంటే తగ్గే జబ్బుకి ఇన్ని సాకులా?

సీతాఫలం: సరిగ్గా ఈ మాటే అత్తారింట్లో ఏళ్ల తరబడి పడ్డాను. చీకటి గదిలో తలకి తడిగుడ్డ కట్టుకుని పడుకుంటే, గుమ్మంలో నిలబడి "నిన్న ఏం తిన్నావ్?" అనేవారు. వంకాయ మానేశాను, చింతపండు మానేశాను. నొప్పి తగ్గలేదు. చివరికి నొప్పి వస్తోందని చెప్పడమే మానేశాను. నెలకి ఇరవై రోజులు దొంగచాటుగా మాత్రలు మింగాను. మామూలు నొప్పి మాత్రలైనా నెలకి 15 రోజుల చొప్పున మూడు నెలలు దాటితే, వాటివల్లే తలనొప్పి రావచ్చని న్యూరాలజిస్టు చెప్పేదాకా తెలియలేదు. చాక్లెట్ సంగతి పక్కన పెట్టండి. నొప్పి వస్తే మీ అమ్మాయి మీకు చెబుతోందా?

డాలస్ బాబాయ్: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

గోదారి నాన్న: నిన్న జవాబు రాయలేకపోయాను. పోయిన నెల స్కూల్లో వాంతి చేసుకుందట. మాకు చెప్పలేదు, టీచరు చెబితే తెలిసింది. అది గోడకి తల ఆనించి ఏడుస్తుంటే చూడలేక, నా చేతిలో ఉన్నది తిండి ఒక్కటే కదా అని అదే పట్టుకున్నాను. ఇంకోటి. పొద్దున ఆరున్నరకే ట్యూషన్‌కి వెళుతుంది, టిఫిన్ తినదు. అదెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇకనుంచి ఏ రోజు ఏం జరిగిందో తననే రాసుకోమంటాను. చాక్లెట్ మాత్రం ఇప్పట్లో ఇవ్వను.

సీతాఫలం: చాక్లెట్ విషయంలో నా మాట మారదు. రేపు మాత్రం రెండు ఇడ్లీలు తినిపించి పంపండి.