పన్నెండు వోల్టుల లైను చివరన వెలుగు తగ్గిపోతోంది: లోపం బ్యాటరీదా, వైరుదా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కరెంటు లేక జనం ఎంత అవస్థ పడ్డారో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పటి నుంచి ఏటా దసరా ముందు మా ఇంట్లో కరెంటు లేకపోయినా నడిచే దీపాలను ఒకసారి సరిచూసుకోవడం అలవాటయింది.

మా ఏర్పాటు ఇది. ముందు గదిలో 100 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది. డాబా మీద 100 వాట్ల సోలార్ ప్యానెలు, రెండింటికీ మధ్య చార్జింగును అదుపు చేసే చార్జ్ కంట్రోలరు ఉన్నాయి. బ్యాటరీ కరెంటును 230 వోల్టులుగా మార్చే ఇన్వర్టరు నాకు ఇష్టం లేదు కనుక, బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగల సన్నని వైరును గోడ వెంబడి వెనక భాగానికి లాగాను. దూరం సుమారు 12 మీటర్లు. చివరన వంటింట్లో ఆంపియరు తీసుకునే ఎల్‌ఈడీ స్ట్రిప్, వసారాలో ఆంపియరున్నర తీసుకునే 12 వోల్టుల టేబుల్ ఫ్యాను, పక్కనే అర ఆంపియరు తీసుకునే రౌటరు ఉన్నాయి.

దీపం ఒక్కటే వేస్తే వెలుగు బాగానే ఉంటుంది. ఫ్యాను వేయగానే వెలుగు సగానికి సగం పడిపోతుంది, అదే క్షణంలో రౌటరు ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే మాత్రం 12.6 వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీ పోయిందని దుకాణం వారు అంటున్నారు, స్ట్రిప్ నాసిరకమని మా వీధి ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. కొత్త బ్యాటరీ అంటే వేలల్లో ఖర్చు కనుక, ఆ పని చేసే ముందు మీ సలహా కోరుతున్నాను.

మొదటి జవాబు (జయపురం నుంచి)

బ్యాటరీ జోలికి పోకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ వైరు వైపే వేలు చూపిస్తున్నాయి.

12 వోల్టుల పనిలో చాలామంది వేయని లెక్క ఒకటుంది. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి మరొక తీగ కావాలి కాబట్టి మీ 12 మీటర్ల దూరం వైరు లెక్కలో 24 మీటర్లు అవుతుంది. దుకాణాల్లో సన్నని రెండు తీగల వైరు అడిగితే సాధారణంగా ఇచ్చేది 0.75 చదరపు మిల్లీమీటర్లది. అది అసలైన రాగి అయితే మీటరుకు 0.026 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, అంటే 24 మీటర్లకు 0.62 ఓమ్‌లు. మీ మూడు పరికరాలూ కలిసి 3 ఆంపియర్లు లాగితే, నిరోధాన్ని కరెంటుతో గుణిస్తే, దారిలోనే దాదాపు 1.9 వోల్టులు పోవాలి. వోల్టేజి తగ్గిన కొద్దీ స్ట్రిప్, ఫ్యాను తీసుకునే కరెంటు కూడా కొంత తగ్గుతుంది కనుక వాస్తవంలో ఒకటిన్నర వోల్టు పైచిలుకు పోతుందనుకోండి. 230 వోల్టుల లైనులో ఒకటిన్నర వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో మాత్రం అది ఎనిమిదో వంతు.

ఇక స్ట్రిప్ వెలుగు అంతగా ఎందుకు పడిపోతుందో చూడండి. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి తెల్ల ఎల్‌ఈడీలు వరుసగా, వాటితో పాటు ఒక రెసిస్టరు ఉంటాయి. ఒక్కో ఎల్‌ఈడీ మూడు వోల్టుల చొప్పున తొమ్మిది వోల్టులు తీసుకుంటే, కరెంటును అదుపు చేసే రెసిస్టరుకు మిగిలేది మూడే మూడు వోల్టులు. తగ్గిన ప్రతి వోల్టూ ఆ మూడింటిలో నుంచే తగ్గుతుంది కాబట్టి ఒక వోల్టు పోతే కరెంటులో మూడో వంతు, ఒకటిన్నర పోతే సగం పోతుంది. కనుక స్ట్రిప్ నాసిరకమేమీ కాదు, దాని తయారీయే అంత. లోపల డ్రైవరు (కరెంటును నిలకడగా ఉంచే సర్క్యూటు) ఉన్న 12 వోల్టుల బల్బు అయితే ఇలా చేయదు.

రౌటరు సంగతి ఇంకా తేలిక. ఏ మోటారైనా కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కుదుపుకు సన్నని వైరు చివరన వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, రౌటరు చచ్చి మళ్లీ పుడుతుంది.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. మూడు పరికరాలూ నడుస్తుండగానే ముందు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర, తరువాత లైను చివరన వోల్టేజి చూడండి. లోడు లేనప్పుడు కనిపించే 12.6ను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. లోడు ఉండగా కూడా బ్యాటరీ దగ్గర 12.3, 12.4 నిలిచి, చివరన మాత్రం 11 కనిపిస్తే తప్పంతా దారిదే.

వైరు మార్చదలిస్తే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో నష్టం 0.6 వోల్టుకు లోపే ఉంటుంది, 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.36కు దిగుతుంది. నేనైతే 4 వేస్తాను. కొనేటప్పుడు తీగ కొసను చాకుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

రెండవ జవాబు (రాయగడ నుంచి)

పై మిత్రుడి లెక్క సరైనదే కానీ, ఆ లెక్క అసలు అవసరమా అన్నది నా సందేహం. 36 వాట్ల లోడుకు 12 వోల్టుల్లో 3 ఆంపియర్లు కావాలి, 230 వోల్టుల్లో 0.16 ఆంపియరు చాలు. చిన్న ఇన్వర్టరు ఒకటి బ్యాటరీ పక్కనే పెట్టుకుని, 230 వోల్టులకు పనిచేసే దీపం, ఫ్యాను వాడుకుంటే ఇప్పుడున్న సన్న వైరే సరిపోతుంది, లావు వైరు కొని గోడలు తొలిచే శ్రమ తప్పుతుంది.

ఇన్వర్టరు మీద అయిష్టానికి కారణం నాకు తెలుసు: ఏ దీపమూ వేయకపోయినా అది తన కోసం తాను కొంత తింటూనే ఉంటుంది. ఆ తిండి 15 వాట్లు అనుకుంటే రోజుకు 360 వాట్ అవర్లు. మీ బ్యాటరీని సగానికి మించి దింపకూడదనుకుంటే చేతిలో ఉండేది 600 వాట్ అవర్లే కాబట్టి, తుఫాను మబ్బులో ప్యానెలు పెద్దగా పని చేయని రోజున ఇది చిన్న నష్టం కాదు. అయినా దాన్ని రాత్రింబవళ్లు నడపాలని ఎవరన్నారు? ఫ్యాను కావలసిన వేళకు వేసి, తరువాత కట్టేయండి.

ఒక్క హెచ్చరిక. ఇన్వర్టరు నుంచి వచ్చే 230 వోల్టులను గోడ సాకెట్లోకి ఎదురు ఎక్కించి ఇల్లంతా నడుపుదామని కొందరు చూస్తారు. కరెంటు తిరిగి రాగానే ఇన్వర్టరు కాలిపోతుంది. అంతకంటే ఘోరం, ఈలోగా స్తంభం మీద పని చేస్తున్న మనిషి ప్రాణానికే ముప్పు. దానికి లైసెన్సు ఉన్న మనిషి చేత చేంజోవర్ స్విచ్ (ఇంటి లైనును బయటి కరెంటుకో ఇన్వర్టరుకో, ఒక్కదానికే కలిపే స్విచ్) పెట్టించాలి.

మూడవ జవాబు (బరంపురం నుంచి)

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నేను చెప్పేది జాయింట్ల గురించి, ఎందుకంటే వైరు ఎంత లావుదైనా ముడి వదులైతే చేసిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

మాది గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఊరు. ఇక్కడ రెండు తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక వర్షాకాలం దాటేసరికి ఆకుపచ్చ చిలుము పడుతుంది. టేపు విప్పితే జిగురు కారి, తీగ నల్లబడి, వేలితో లాగితే ఊడి వస్తుంది. పర్లాకిమిడిలో ఉప్పుగాలి ఇంత ఉండదు కానీ వానాకాలపు తేమ తక్కువేమీ కాదు. అందువల్ల ప్రతి కొసకూ లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు తొడుగు) వేసి, క్రింపింగ్ ప్లయరుతో గట్టిగా నొక్కి, మరతో బిగించండి. బ్యాటరీ టెర్మినళ్లను శుభ్రంగా తుడిచి, బిగించిన తరువాత పైన కాస్త వాసెలిన్ రాయండి. ఫ్యాను నడుస్తుండగా జాయింటును వేలితో ముట్టి చూస్తే, వేడిగా ఉన్నదే దొంగ.

మీ ప్రశ్నలో ఫ్యూజు ప్రస్తావన కనిపించలేదు. 12 వోల్టులు షాకు కొట్టవన్న ధీమాతో చాలామంది దాన్ని వదిలేస్తారు. షాకు కొట్టదు, నిజమే. కానీ ఆ రెండు తీగలూ బ్యాటరీకి దగ్గరలో ఒరుసుకుని కలిస్తే ఇంత బ్యాటరీ వందల ఆంపియర్లు వదలగలదు, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరు ఎర్రగా కాలిపోతుంది. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే కార్లలో వాడే 10 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు పెట్టండి. మధ్యలో పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు.

మరొకటి, చిన్నదిగా కనిపించే పెద్ద సంగతి: 12 వోల్టులకు మామూలు 5 ఆంపియర్ల గోడ సాకెట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. చుట్టాలో పిల్లలో ఆ ఫ్యానును తీసుకెళ్లి 230లో గుచ్చిన రోజున అది పేలుతుంది. వేరే ఆకారం ప్లగ్గులు వాడితే ఆ గొడవే ఉండదు.

అడిగినవారి మాట (పర్లాకిమిడి)

చెప్పినట్టే కొలిచాను. అన్నీ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.4, చివరన 10.3 వోల్టులు కనిపించాయి. జయపురం వారు అంచనా వేసిన దాని కంటే నష్టం ఎక్కువగా ఉందేమిటా అని తీగ కొసను గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. దుకాణంలో రాగి వైరనే చెప్పి అమ్మారు.

కాబట్టి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయాలని నిర్ణయించుకున్నాను. ఫ్యూజు ఈ రోజే పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. లావు వైరు వేశాక, ప్యానెలు చార్జి చేస్తున్నప్పుడు కంట్రోలరు 14.4 వోల్టుల దాకా ఎక్కిస్తుంది కదా, అదంతా స్ట్రిప్‌కూ రౌటరుకూ చేరదా?

మొదటి జవాబు ఇచ్చినవారు (జయపురం)

చేరుతుంది, అడిగి మంచి పని చేశారు. ఇన్నాళ్లూ ఆ చెడ్డ వైరే మీ స్ట్రిప్‌ను కాపాడింది. రెసిస్టరుకు మూడు వోల్టులకు బదులు అయిదున్నర దాకా అందితే కరెంటు దాదాపు రెట్టింపు అవుతుంది. పట్టపగలు వంటింట్లో దీపం వెలిగించినా, ఇంటి కరెంటుతో నడిచే చార్జరు కూడా మీకు ఉంటే, రాత్రి అది నడుస్తున్నప్పుడు వెలిగించినా స్ట్రిప్ వేడెక్కి త్వరగా మసకబారుతుంది. స్ట్రిప్ తీసేసి, 10 నుంచి 30 వోల్టుల వరకు పని చేస్తుందని పెట్టె మీద రాసి ఉన్న డ్రైవరు బల్బు పెట్టండి.

రౌటరుకు ముందు ఒక బక్-బూస్ట్ మాడ్యూలు పెట్టి, మీటరు చూస్తూ దాని అవుట్‌పుట్‌ను 12 వోల్టులకు తిప్పి, ఆ తరువాతే రౌటరు కలపండి. లోపలికి 10.5 వచ్చినా 14.4 వచ్చినా బయటికి 12 ఇస్తుంది. వీలైతే రౌటరుకు బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను లాగండి. అది అర ఆంపియరే కనుక ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు, ఫ్యాను కుదుపు దాని దాకా రాదు. ఆ లైనుకు మొదట్లోనే వేరే ఫ్యూజు, 2 ఆంపియర్లది, పెట్టడం మరవకండి. ఫ్యానుకు 14.4తో ప్రమాదం లేదు, కాస్త జోరుగా తిరుగుతుంది.