నోయెల్ నూయే టోక్యో బొమ్మ: ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదో, తర్వాతదో ఎలా చెప్పాలి?

జపాన్ చెక్క అచ్చు బొమ్మల (చెక్క దిమ్మెల మీద చెక్కి కాగితంపై అచ్చు వేసేవి) గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. టోక్యోలో జింబోచో పాత పుస్తకాల వీధిలో నోయెల్ నూయే గీసిన బెంకెయ్ వంతెన బొమ్మ కొన్నాను. ఈయన ఫ్రెంచివాడు. పాఠాలు చెప్పడానికి 1926లో జపాన్ వెళ్లాడు, తర్వాత టోక్యో వీధులన్నీ పెన్నుతో గీసుకుంటూ తిరిగాడు. వాటిలో కొన్నిటిని 1930ల్లో దోయి అనే ప్రచురణకర్త చెక్కించి అచ్చు వేయించాడు.

వెనక్కి తిప్పితే రంగు కాగితంలోకి ఇంకి కనిపిస్తోంది, భూతద్దం పెట్టినా చుక్కల్లేవు. కాబట్టి ఆఫ్‌సెట్ (యంత్రంతో చుక్కలు చుక్కలుగా వేసే అచ్చు) కాదని ధైర్యంగానే ఉన్నాను. తంటా అంతా అంచు దగ్గరే. అక్కడ చెక్కినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి కదా, ఆ రెండోది సగం చెరిగిపోయింది. అవే దిమ్మెలతో యుద్ధం తర్వాతా అచ్చులు వేశారని, ఆ పేరును బట్టే కాలం పోల్చుకోవాలని అమ్మినాయన చెప్పాడు. మరి పేరు లేకుండా, కాగితాన్ని బట్టో రంగుల తీరును బట్టో చెప్పగలమా?

ఇంకోటి. మా వీధిలో ఫ్రేములు కట్టే అతను అంచు కత్తిరించి అట్టకు అంటించేస్తానంటున్నాడు. అమ్మో, వద్దన్నాను! హైదరాబాద్‌లో యాసిడ్ లేని అట్ట వాడి, జిగురు తగలకుండా కట్టేవాళ్లెవరైనా ఉన్నారా? అమ్మే ఉద్దేశం లేదు, ధర చెప్పక్కర్లేదు.