పిల్లల చెకప్‌లో తుపాకీ గురించి ఎలా అడుగుతున్నారు?

టెక్సస్ నర్సమ్మ:
ఈ మధ్యే పెద్దల వార్డు నుంచి పిల్లల క్లినిక్‌కి మారాను. డాక్టర్ గదిలోకి రాకముందు తల్లిదండ్రులను కొన్ని ప్రశ్నలు అడగాలి. కారు సీటు, స్విమ్మింగ్ పూల్, మందుల సీసాల దాకా నోరు బాగానే ఆడుతుంది. తుపాకీ దగ్గరికొచ్చేసరికి టెన్షన్. ఇండియాలో పనిచేసినన్నాళ్లూ ఈ ప్రశ్నతో పనే పడలేదు. మా ఫారంలో "ఇంట్లో తుపాకీ: ఉంది / లేదు" అని గళ్లుంటాయి. మొన్న ఒక తండ్రి, పసిపాపను భుజాన వేసుకుని, "అది మీకెందుకు?" అనేశాడు. ఫ్లోరిడాలో ఇలా అడగడమే నేరమని మాతో పనిచేసే ఒకావిడ అంటోంది. నిజమేనా? మీరు ఏ మాటలతో మొదలుపెడతారు?

ఒహాయో అక్క:
చెల్లీ, ముందు చట్టం సంగతి. డాక్టర్లు ఇలా అడగడాన్ని కట్టడి చేస్తూ ఫ్లోరిడా 2011లో చట్టం చేసిన మాట నిజమే. అడగకూడదన్న భాగాన్ని 2017లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు కొట్టేసింది. కాబట్టి అడగొచ్చు. జవాబు చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఆ మాట నేనే ముందు చెప్పేస్తాను.

చిక్కంతా ఆ గళ్లతోనే. పోలీసు విచారణలా ఉంటుంది. నేను ఉందా లేదా అని అడగనే అడగను. పాప పాకుతోందా అని అడిగి, ఫినాయిల్ లాంటివి పైన పెట్టమని చెప్పి, అదే గొంతుతో "చాలా ఇళ్లలో తుపాకులుంటాయి. మీ ఇంట్లో గానీ, అమ్మమ్మా తాతయ్యల ఇంట్లో గానీ ఉంటే, పిల్లల చేతికి అందకుండా ఎలా పెడుతున్నారు?" అంటాను. ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి. నాకు కష్టమైన భాగం అదే!

"క్లోజెట్ పై అరలో, దుప్పట్ల కింద పెట్టాం, వాడికి తెలియదు" అనే జవాబు తరచూ వస్తుంది. అక్కడ వదలొద్దు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, తుపాకీ ఎక్కడుందో పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాటను వాళ్ల పిల్లలే కాదన్నారు. ఈ అంకె చెప్పగానే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అసలు తుపాకీ లేని ఇల్లే అన్నిటికంటే క్షేమమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అంటుంది. ఉంటే మాత్రం తూటాలు తీసేసి తాళం వేయాలి, తూటాలు విడిగా ఇంకో తాళంలో ఉండాలి. నేను ఈ రెండో మాటతోనే మొదలుపెడతాను. మొదటిది ముందు చెప్తే కొందరు ఇక వినరు.

ఇద్దరు పిల్లల నాన్న:
నేను నర్సును కాదు, గన్ ఓనర్‌ని. "రాత్రి దొంగ వస్తే?" అని మాలాంటివాళ్లు తప్పకుండా అడుగుతాం. మంచం పక్కన బిగించే చిన్న లాక్‌బాక్స్ కోడ్ నొక్కితే క్షణాల్లో తెరుచుకుంటుందని చెప్పండి, చాలు.

ఉపన్యాసం కంటే చేతికిచ్చిన తాళం బాగా పనిచేస్తుంది. మా వాడి చెకప్‌లో నర్స్ గారు కేబుల్ లాక్ (తుపాకీలోంచి దూర్చి వేసే తీగ తాళం) ఇచ్చి, బొమ్మ వేసి చూపించారు. పిస్టల్‌కైతే మ్యాగజైన్ (తూటాలుండే డబ్బీ) తీసి, స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోవాలి. తర్వాత కేబుల్‌ను ఖాళీ తొడుగు ఎగిరిపడే సందులోంచి దూర్చి, మ్యాగజైన్ ఎక్కించే చోటు నుంచి బయటికి లాగి తాళం వేయాలి. ఇక స్లైడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. తుపాకీ భద్రత కోసం పనిచేసే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ వాళ్ల కేబుల్ లాక్‌లు చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. తాళంచెవి మాత్రం కారు తాళాల పక్కన తగిలించొద్దని చెప్పండి.

స్కూల్ నర్స్:
అందరూ పసిపిల్లల గురించే రాస్తున్నారు. నా భయం పదిహేనేళ్లవాళ్ల గురించి. తుపాకీతో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతకరు. డిప్రెషన్ ఫారంలో తేడా కనిపిస్తే అమ్మానాన్నలతో విడిగా కూర్చుని మాట్లాడండి. ఆ వయసువాడికి సేఫ్ కోడ్ తెలిసే ఉంటుందనుకుని వెంటనే మార్చమనండి. వాడు కుదుటపడేదాకా తుపాకీని ఇంట్లోంచే పంపించేస్తే ఇంకా మంచిది. ఎవరి దగ్గర ఉంచవచ్చన్న రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి, అది కనుక్కోమనండి.

టెక్సస్ నర్సమ్మ:
అక్కా, ఆ గళ్లు తీసేయమని మేనేజర్‌ని అడుగుతాను. మరి చార్టులో ఏం రాస్తారు? చాలామంది భయం దాని గురించే అనిపిస్తోంది.

ఒహాయో అక్క:
తుపాకీ ఉందనో లేదనో రాయను. "భద్రంగా దాచడం గురించి మాట్లాడాం, కేబుల్ లాక్ ఇచ్చాం" అని రాస్తాను, అదీ వాళ్ల ముందే టైప్ చేసి స్క్రీన్ వాళ్ల వైపు తిప్పుతాను. ఆత్మహత్య భయం ఉన్న కేసుల్లో మాత్రం వివరంగా రాయాల్సిందే. మీ క్లినిక్ పాలసీ కూడా ఒకసారి చూసుకో.