24 వాల్వ్ కమిన్స్‌కి థ్రాటిల్ సెన్సార్: పూర్తి అసెంబ్లీ కొనాలా, సెన్సార్ ఒక్కటీ చాలా?

ర్యామ్ 2001
నాది 2001 డాడ్జ్ ర్యామ్, 5.9 లీటర్ల 24 వాల్వ్ కమిన్స్ ఇంజిన్. పెడల్ తొక్కినా ఒక్కోసారి బండి అందుకోవడం లేదు, ఐడిల్‌లోనే, అంటే పెడల్ తొక్కనప్పుడు ఉండే నెమ్మది వేగంలోనే ఉండిపోతోంది. కాలు తీసి మళ్లీ తొక్కితే లేస్తోంది. రోడ్డు దాటుతున్నప్పుడు ఇలా అయితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. స్కానర్‌లో పీ0121 కోడ్ వచ్చింది, అంటే థ్రాటిల్ సెన్సార్ సిగ్నల్‌లో తేడా ఉందని. బ్రాకెట్, లివర్ అన్నీ కలిపి వచ్చే కంపెనీ అసెంబ్లీ బాగా ఖరీదు. సెన్సార్ ఒక్కటే అయితే చాలా చవక. ఏది తీసుకోమంటారు?

పాత డీజిల్
సెన్సార్ ఒక్కటీ చాలు. లివర్, బ్రాకెట్ ఇనుప ముక్కలు, అవేం పాడవుతాయి? అరిగేది సెన్సార్ లోపల కాంటాక్ట్ రాసుకుంటూ తిరిగే ట్రాక్ మాత్రమే. మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ చూసుకుంటూ రెండు స్క్రూలు బిగించే పనికి అసెంబ్లీ మొత్తం కొనిపించడం అన్యాయం.

వైరింగ్ పని
అన్నా, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఈ ఇంజిన్‌లో గాలిని ఆపే థ్రాటిల్ ప్లేటు లేదు. పెడల్ కేబుల్ లివర్‌ని తిప్పితే, సెన్సార్ ఆ మాట కంప్యూటర్‌కి చెబుతుంది, ఎంత డీజిల్ పోయాలో అది నిర్ణయిస్తుంది. అందుకే సెన్సార్ ఒక్కదాన్నే నమ్మకుండా, పెడల్ మీద కాలు ఉందా లేదా అని విడిగా చెప్పే ఐడిల్ స్విచ్‌ని కూడా అదే డబ్బాలో పెట్టారు. వోల్టేజ్ పెరుగుతోంది, స్విచ్ మాత్రం ఇంకా ఐడిల్ అంటోంది అనుకోండి. కంప్యూటర్ పెడల్‌ని నమ్మడం మానేసి ఐడిల్‌లోనే ఉంచేస్తుంది. ఆయన చెబుతున్న లక్షణానికి ఇది కూడా ఒక కారణమే.

కాబట్టి ఐడిల్‌లో వోల్టేజ్ ఎంత అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. స్విచ్ ఏ వోల్టేజ్ దగ్గర మారుతోందో కూడా కుదరాలి. ఫ్యాక్టరీలో సెన్సార్‌ని దాని బ్రాకెట్ మీదే బిగించి సరిచేస్తారు, అందుకే సర్వీస్ మాన్యువల్ అసెంబ్లీగానే మార్చమంటుంది. చేయి తిరిగినవాడు మీటర్‌తో సెట్ చేయగలడు, కాదనను. కానీ అడిగిన మనిషి ఈ బండి మీదే తిరుగుతున్నారు. రోడ్డు మధ్యలో పెడల్ చచ్చిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకి నేను అసెంబ్లీయే చెబుతాను.

పాత బండి నుంచి విప్పిన సెకండ్ హ్యాండ్ సెన్సార్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. అందరి కాలూ ఎక్కువసేపు ఉండేది ఐడిల్‌కి కాస్త పైనా, నిదానంగా పోయే వేగం దగ్గరా. అరుగుదల కూడా అక్కడే. మీ సెన్సార్ ఎక్కడ అరిగిందో, అదీ అక్కడే అరిగి ఉంటుంది.

పాత డీజిల్
స్విచ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అరగని సెన్సార్లు కూడా ఉన్నాయి కదా తమ్ముడూ, అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ రకం. తగిలే భాగమే లేనప్పుడు ట్రాక్ అరిగే గొడవే ఉండదు.

వైరింగ్ పని
సెన్సార్‌గా అది మంచిదే. అయితే దాని వోల్టేజ్, స్విచ్ రెండూ ఈ కంప్యూటర్ కోరినట్టే ఉన్నాయని అమ్మేవాడు రాసి ఇవ్వాలి. కనెక్టర్ సరిపోయింది కదా అని బిగించేయకూడదు.

12 వాల్వ్ మనిషి
నాది 1997 బండి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నాకూ ఇదే వర్తిస్తుందా?

వైరింగ్ పని
లేదండీ. మీ పంపు పూర్తిగా మెకానికల్, ఇంజిన్‌కి ఆ సెన్సార్‌తో పని లేదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి మాత్రమే అది కావాలి. చెడితే గేర్లు తప్పుగా పడతాయి గానీ తొక్కగానే బండి లేస్తుంది.

ఆల్టర్నేటర్
డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్కసారి ఆగండి. ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. 0.1 వోల్ట్ దాటితే ఏసీని డీసీగా మార్చే ఆల్టర్నేటర్ డయోడ్లని అనుమానించాలి. ఆ అలజడి సెన్సార్ సిగ్నల్‌లోకి చొరబడుతుంది. తర్వాత సెన్సార్ కనెక్టర్ విప్పి, పిన్నులకి పచ్చటి చిలుం పట్టిందేమో, 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడండి. అవి బాగుంటేనే సెన్సార్ మాట. సెన్సార్‌ని పరీక్షించడానికి ముల్లు మీటర్ మంచిది, డిజిటల్ మీటర్‌లో అంకెలు మారేలోపే చిన్న తప్పు దాటిపోతుంది.

ర్యామ్ 2001
అన్నీ చూశాను. ఏసీ 0.03 దగ్గరుంది, 5 వోల్టులు వస్తున్నాయి, పిన్నులు శుభ్రం. ముల్లు మీటర్ పెట్టి లివర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పితే, ఐడిల్ దాటిన వెంటనే ముల్లు ఒక్కసారి కిందికి పడి మళ్లీ లేస్తోంది. ఎన్నిసార్లు తిప్పినా అక్కడే. అసెంబ్లీ ఆర్డర్ పెట్టేశాను.

పాత డీజిల్
అయితే ట్రాకే, అనుమానం లేదు. నేనైతే ఇప్పటికీ సెన్సార్ ఒక్కటే వేసుకుంటాను, మీరు వేసింది మీకు సరైనదే.

వైరింగ్ పని
బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, పెడల్‌ని నెమ్మదిగా చివరిదాకా నొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. తర్వాత తాళం ఆఫ్ చేయండి. కంప్యూటర్ కొత్త హద్దులు నేర్చుకునేది అప్పుడే. కేబుల్ బిగుతుగా లేదని, కాలు తీసినప్పుడు లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందని ముందే చూసుకోండి.