అప్‌డేట్: మా ఊరి పాత ప్రార్థనాలయం లండన్ మిషన్ వారిదే

జమ్మలమడుగు దగ్గర మా ఊరిలో పాడుబడిన ప్రార్థనాలయాన్ని లండన్ మిషన్ వారు కట్టించారా, ముత్యాలపాడు వైపు పనిచేసిన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చికి చెందిన) మిషన్ వారు కట్టించారా అని ఇదివరకు అడిగాను. సంఘం రిజిస్టరు చూడమన్న వారికి నా కృతజ్ఞతలు.

మా పెద్దనాన్న దాచి ఉంచిన ఆ రిజిస్టరులో, 1947 సెప్టెంబరు 27న లండన్ మిషన్ సంఘాలతో సహా పలు ప్రొటెస్టంట్ సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడిన కొద్ది నెలలకే శీర్షిక ఆ పేరుకు మారింది. అప్పట్లో ముత్యాలపాడు ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆ ఐక్యతలో చేరలేదు కాబట్టి, 1822లో కడపలో పని మొదలుపెట్టి, తరువాత జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పిన లండన్ మిషన్ వారిదే ఈ కట్టడమని నాకు నమ్మకం కుదిరింది.

నన్ను ఎక్కువగా కదిలించినది మాత్రం పడమటి గోడ. సున్నం పెచ్చులూడిన చోట నిలువెత్తున నల్లటి పూత, దాని మీద చెరగని గుణింతపు గీతలు కనిపించాయి. వారం దినాలలో బడిగాను, ఆదివారం ఆరాధనకును వాడేవారని, తాను అక్కడే నాపరాళ్ల మీద కూర్చొని అక్షరాలు దిద్దానని పెద్దనాన్న చెప్పారు. రోడ్డు పక్కన కొత్త చర్చి కట్టాక దీనికి తాళం పడింది. కప్పు కూలకముందే ఆ గోడను ఫోటోలు తీయించాను.